ఆర్థో వార్డులో చేతిలో ఇమిడే ఎకో పరికరం: ఒక మత్తు వైద్యురాలి సమీక్ష

రోడ్డు ప్రమాదాల్లో ఎముకలు విరిగి వచ్చేవారిని చూసే మా ఆసుపత్రిలో, మంచం పక్కనే నిలబడి గుండెను చూడడానికి వీలుగా, చేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్ పరికరాన్ని కొంతకాలంగా వాడుతున్నాం. ఐసీయూలోనూ ఆపరేషన్ థియేటర్‌లోనూ పనిచేసే మత్తు వైద్యురాలిగా దాన్ని ఎక్కువగా చేతబట్టేది నేనే. ఇలాంటిది కొనాలా వద్దా అని జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేసే ఆర్థో, మత్తు విభాగాల మిత్రులు తరచుగా అడుగుతున్నారు. అందుకని, ఎముకలు విరిగిన తర్వాత వచ్చే చిక్కులను గుర్తించడంలో అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు; నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో అధికభాగం ఒక కంపెనీకి పరిమితమైనవి కావు, ఈ తరగతి పరికరాలన్నింటికీ వర్తించేవే.

ఈ తరగతి మరీ కొత్తది కాదు. జీఈ సంస్థ వీస్కాన్ 2010లో, ఫిలిప్స్ లూమిఫై 2015లో మార్కెట్లోకి వచ్చాయి. స్ఫటికాలకు బదులు సిలికాన్ చిప్ మీద పనిచేసే బటర్‌ఫ్లై ఐక్యూ 2018లో అమ్మకానికి వచ్చింది. మా దగ్గరున్నది తీగ అవసరం లేకుండా ట్యాబ్‌కు బొమ్మను పంపే రెండు తలల ప్రోబ్ (ఒంటి మీద ఆనించి చూసే భాగం). ఒక చివర గుండెను చూసే సెక్టర్ తల, రెండో చివర సిరలనూ ఊపిరితిత్తుల పైపొరనూ చూసే లీనియర్ తల ఉన్నాయి. మామూలు బొమ్మ, ఒకే గీత మీది కదలికను కాలంతో పాటు చూపే ఎమ్-మోడ్, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ వస్తాయి. జోరుగా చిమ్మే రక్తం వేగాన్ని కొలిచే కంటిన్యువస్ వేవ్ డాప్లర్ లేదు. ఈ లోటు ఎక్కడ నొప్పి పెడుతుందో తర్వాత చెబుతాను.

తొడ ఎముక విరిగిన మనిషికి రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి ఆయాసం వచ్చి ఆక్సిజన్ శాతం పడిపోతే, మా ముందు ఒక్కటి కాదు, చాలా అనుమానాలు నిలుస్తాయి. మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరిందా, కాలి సిరలో కట్టిన గడ్డ కదిలి పుపుస ధమనిలో ఇరుక్కుందా, పక్కటెముక గుచ్చుకుని ఛాతీలో గాలి చేరిందా, గుండె చుట్టూ రక్తం నిండుతోందా, కటి ఎముకల చుట్టూ పైకి కనబడకుండా రక్తం కారిపోతోందా, దెబ్బకు గుండె కండరమే కమిలిందా, మనం ఎక్కించిన సెలైన్లే ఎక్కువయ్యాయా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఒకదానికి చేసే చికిత్స మరొకదానికి ప్రాణాంతకం కావచ్చు. రక్తం పోయినవాడికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది. కుడి జఠరిక ఉబ్బి ఉన్నవాడికి అదే సెలైన్ ధారాళంగా ఎక్కిస్తే గుండె మరింత చతికిలబడుతుంది. సీటీ గది వేరే బ్లాకులో ఉంటుంది, రోగి కాలికి విరిగిన ఎముకను లాగి పట్టే ట్రాక్షన్ బరువులు వేలాడుతుంటాయి, రక్తపోటు నిలకడగా లేనివాణ్ని స్ట్రెచర్ మీద అంత దూరం తీసుకెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఈ పరికరం తన విలువ నిరూపించుకోవలసిన చోటు అదే, నిరూపించుకున్నదీ అక్కడే.

ఎకో చేసేటప్పుడు రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆనవాయితీ. ట్రాక్షన్‌లో ఉన్నవాణ్ని, కటి ఎముకలు విరిగినవాణ్ని అలా తిప్పలేం. కాబట్టి మేము మొదట ఆశ్రయించేది రొమ్ము ఎముక చివర కింద, పొట్ట పైభాగం నుంచి ప్రోబ్‌ను గుండె వైపు చూపించి తీసే సబ్‌కాస్టల్ వ్యూ. పక్కటెముకలు విరిగిన ఛాతీ మీద ప్రోబ్‌తో నొక్కి బాధపెట్టవలసిన అవసరం కూడా ఇందులో ఉండదు. వెంటిలేటర్ మీద ఉండి ఊపిరితిత్తులు గాలితో ఉబ్బినవారిలో గుండె కిందికి దిగి ఈ దారిలోనే బాగా కనిపిస్తుంది. పెద్ద యంత్రాన్ని మంచాల మధ్య తోసుకొచ్చి, ట్రాక్షన్ తాళ్లు తప్పించి నిలబెట్టడం ఒక ప్రయాస. ఈ చిన్న ప్రోబ్‌తో ఒక చేతిలో ట్యాబ్ పట్టుకుని మంచానికి ఏ వైపు నుంచైనా చూడవచ్చు. చిన్న సౌకర్యంగా కనిపించే ఈ విషయం వల్లనే, ఉదయం రౌండ్స్ దాకా ఆగే పరీక్ష రాత్రి పూటే జరుగుతోంది.

మొదట చూసేది కుడి జఠరికను. నాలుగు గదులూ కనిపించే బొమ్మలో అది ఎడమ జఠరికలో మూడింట రెండు వంతులకు మించకూడదు. రెండూ సమానంగా ఉన్నా, కుడిది పెద్దదైనా దాని మీద భారం పడుతోందని అర్థం. గుండెను అడ్డంగా కోసినట్టు చూసే బొమ్మలో, గుండ్రంగా ఉండవలసిన ఎడమ జఠరిక నడిగోడ నొక్కుకుపోయి ఆంగ్ల అక్షరం డీ లాగా కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. ట్రైకస్పిడ్ కవాటం అంచు ప్రతి స్పందనలో గుండె కొన వైపు ఎంత కదులుతోందో ఎమ్-మోడ్‌తో కొలిస్తే, 17 మిల్లీమీటర్ల కన్నా తక్కువ రావడం కుడి జఠరిక బలహీనతకు గుర్తు. కింది శరీరం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో మహాసిర 2.1 సెంటీమీటర్లకు మించి వెడల్పై, లోపలికి గాలి పీల్చినప్పుడు సగమైనా కుదించుకోకపోతే కుడి కర్ణికలో పీడనం పెరిగినట్టు లెక్క. అయితే ఈ లెక్క తనంతట తాను ఊపిరి తీసే రోగికే గానీ వెంటిలేటర్ మీద ఉన్నవారికి నేరుగా వర్తించదు. ఈ నాలుగింటినీ మా పరికరం స్పష్టంగా చూపిస్తుంది. ఎమ్-మోడ్ గీతలో కొలత తీసుకోవడానికి వేలితో తెర మీద జరిపే కర్సర్ గ్లౌజులు వేసుకున్నప్పుడు మొండికేస్తుంది గానీ, కొలత మాత్రం కార్డియాలజీ విభాగంలోని పెద్ద యంత్రం చెప్పేదానికి దగ్గరగానే వస్తోంది.

పుపుస ధమనిలో గడ్డ ఇరుక్కున్నప్పుడు కుడి జఠరిక పక్కగోడ కదలకుండా నిలిచిపోయి, కొన మాత్రం చురుకుగా కదిలే లక్షణాన్ని మెకానెల్ బృందం 1996లో వివరించింది. వారి పరిశీలనలో దాని సున్నితత్వం (జబ్బు ఉన్నవారిలో అది కనిపించే పాళ్లు) 77 శాతం, నిర్దిష్టత (జబ్బు లేనివారిలో అది కనిపించని పాళ్లు) 94 శాతం. ఈ లక్షణం కనిపించగానే గడ్డ ఖాయమని ప్రకటించడం మాత్రం తొందరపాటు. కుడి జఠరికకు గుండెపోటు వచ్చినవారిలో కూడా ఇది కనిపిస్తుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి. అంతకన్నా ముఖ్యమైనది దీనికి వ్యతిరేకమైన సంగతి. ఎకో మామూలుగా ఉంది కాబట్టి పుపుస ధమనిలో గడ్డ లేదని అనకూడదు. ఐరోపా హృద్రోగ సంఘం మార్గదర్శకాల ప్రకారం ఎకోలో ఏమీ లేదన్న ఫలితం ఈ జబ్బు విషయంలో నిజమయ్యే అవకాశం 40 నుంచి 50 శాతం మాత్రమే. రక్తపోటు నిలకడగా ఉన్న రోగికి సీటీ యాంజియోగ్రామే తీర్పు చెప్పాలి. రక్తపోటు పడిపోయి సీటీకి తీసుకెళ్లలేని రోగిలో మాత్రం, కుడి జఠరిక మామూలుగా కనిపిస్తే ఆ కుప్పకూలడానికి కారణం పెద్ద గడ్డ కాదని దాదాపు ధీమాగా వేరే దారి వెతకవచ్చు. ఒకే బొమ్మకు ఇద్దరు రోగుల్లో రెండు విలువలుంటాయన్న ఈ తేడా తెలియనివారి చేతిలో ఈ పరికరం అపాయకరమని నా గట్టి అభిప్రాయం.

రెండో తల ఇక్కడే పనికొస్తుంది. గజ్జల్లోనూ మోకాలి వెనకా ఉండే పెద్ద సిరల మీద లీనియర్ తలతో మెల్లగా నొక్కినప్పుడు ఆరోగ్యమైన సిర పూర్తిగా అణిగిపోతుంది. గడ్డ ఉన్నది అణగదు. కుడి జఠరిక ఉబ్బి, సిర అణగకపోతే ఇక సందేహానికి పెద్దగా చోటు ఉండదు. విరిగిన కాలికి పట్టీలూ స్ప్లింటూ ఉండడం వల్ల మోకాలి వెనక చూడడం చాలాసార్లు కుదరదు, అలాంటప్పుడు గజ్జల దగ్గరా రెండో కాలిలోనూ చూసి సరిపెట్టుకోవాలి. నాటు కట్టు కట్టించుకుని వారాల తరబడి ఇంట్లో మంచం పట్టి, ఆ తర్వాత ఆయాసంతో మా దగ్గరికి వచ్చేవారిలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. దెబ్బ తగిలి అన్ని రోజులు గడిచాక కొవ్వు కన్నా గడ్డనే ముందు అనుమానించాలి. గడ్డ అని తేలినా పని సులువు కాదు. పెద్ద గాయమో పెద్ద ఆపరేషనో జరిగిన 3 వారాల లోపు గడ్డను కరిగించే మందు ఇవ్వకూడదన్నది నియమం. రక్తస్రావ భయానికీ ఊపిరాగే భయానికీ మధ్య నిర్ణయం తీసుకునేటప్పుడు, కుటుంబసభ్యులకు ఆ బొమ్మను ట్యాబ్ మీద చూపించి మాట్లాడగలగడం మా మాటకు ఎంతో బలాన్నిచ్చింది.

ఇక కొవ్వు ఎంబాలిజం, అంటే మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే జబ్బు. ఆర్థో విభాగంలో ఈ పరికరాన్ని కోరేవారిలో చాలామంది మనసులో ఉండేది ఇదే. నా అనుభవంలో అది ఎక్కువగా నిరాశపరిచేదీ దీని విషయంలోనే, కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను.

ఈ జబ్బు వైద్యులకు తెలిసి 150 ఏళ్లు దాటింది. 1860ల ఆరంభంలో త్సెంకర్ ఒక రైల్వే కార్మికుడి శవపరీక్షలో ఊపిరితిత్తుల కేశనాళికల్లో కొవ్వును చూశాడు. 1873లో ఫాన్ బెర్గ్‌మన్ తొడ ఎముక విరిగిన రోగిలో దీన్ని గుర్తించాడు. సాధారణంగా దెబ్బ తగిలిన 24 నుంచి 72 గంటల మధ్య ఆయాసం, మతి తప్పడం, ఛాతీ పైభాగంలోనూ చంకల్లోనూ కంటి పొరలోనూ చిన్న ఎర్రని చుక్కలు కనిపించడం దీని మూడు ముఖ్య లక్షణాలు. 1970లో గర్డ్ రూపొందించిన ప్రమాణాలే నేటికీ మా వార్డు కాగితాల మీద ఉన్నాయి. ఆ ప్రమాణాల్లో ఎకోకు చోటు లేదు. అప్పట్లో మంచం పక్క ఎకో లేకపోవడం ఒక్కటే కారణం కాదు. జబ్బు నడిచే తీరే అలాంటిది.

విరిగిన ఎముకలోని మూలుగ నుంచి కొవ్వు బిందువులు సిరల్లోకి పీల్చుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడతాయన్నది ఒక వివరణ. ఆ కొవ్వు విడగొట్టబడి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా మారి ఊపిరితిత్తుల పొరలను గాయపరుస్తుందన్నది మరొకటి. దెబ్బకూ లక్షణాలకూ మధ్య కనిపించే ఒకటి రెండు రోజుల ఎడానికి ఇదే మంచి సమాధానం. ఈ రెండో దారిలో పెద్ద ధమని ఏదీ మూసుకుపోదు. అందువల్ల కుడి జఠరిక ఉబ్బకపోవచ్చు, ఉబ్బినా స్వల్పంగానే ఉండవచ్చు. అంటే ఎకో పూర్తిగా మామూలుగా ఉన్న రోగికి కూడా తీవ్రమైన కొవ్వు ఎంబాలిజం ఉండవచ్చు. ‘ఎకో నార్మల్’ అని కేసు షీటులో రాసి అంతటితో ఊరుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

మరి కొవ్వు రేణువులు గుండె గదుల్లో ప్రవహిస్తుండగా కంటికి కనిపించవా అంటే, కనిపిస్తాయి. కానీ వేరే చోట, వేరే ప్రోబ్‌తో. తొడ ఎముకలో రాడ్ వేయడానికి మూలుగ కుహరాన్ని తొలిచేటప్పుడు, ఆహారనాళం గుండా దించిన ప్రోబ్‌తో చూస్తే కుడి కర్ణికలో మంచు తుఫాను లాంటి తెల్లని రేణువుల వాన కనిపిస్తుంది. ఆపరేషన్ చేయించుకునేవారిలో చాలామందిలో ఇది కనిపించినా, జబ్బు లక్షణాలు వచ్చేది వారిలో బహు కొద్దిమందికే. కాబట్టి రేణువులు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఛాతీ మీద నుంచి చూసే మా పరికరంలో అవి కనిపించనంత మాత్రాన లేనట్టూ కాదు. ఈ పరికరాలను అమ్మేవారు చూపే చిత్రాల్లో ఆ మంచు తుఫాను ఉంటే, అది ఏ ప్రోబ్‌తో తీసినదో అడగండి.

ఇంత చెప్పాక కూడా, కొవ్వు ఎంబాలిజం నిర్ధారణలో ఈ పరికరానికి నేను మంచి మార్కులే వేస్తాను. అయితే అది నేరుగా చూపించేదానికి కాదు, తొలగించే అనుమానాలకు. కుడి జఠరిక మామూలుగా ఉండి, రెండు కాళ్ల సిరలూ అణిగి, గుండె చుట్టూ నీరు లేక, ఎడమ జఠరిక చక్కగా కొట్టుకుంటూ, ఊపిరితిత్తుల మీద రెండు వైపులా, లోపల నీరు చేరిందని చెప్పే, కిందికి జారే తెల్లని బీ-లైన్లు విస్తారంగా కనిపిస్తే, ఆ నీటి తాకిడికి గుండె బాధ్యురాలు కాదని తేలుతుంది. దానికి ఎర్రని చుక్కలూ మతి తప్పడమూ ప్లేట్‌లెట్లు తగ్గడమూ తోడైతే కొవ్వు ఎంబాలిజమే మిగులుతుంది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు; ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్, రక్తపోటును నిలబెట్టడం, విరిగిన ఎముకను కదలకుండా త్వరగా బిగించడం, ఇవే చికిత్స. మందు లేని జబ్బుకు నిర్ధారణ ఎందుకని కొందరు అంటారు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్‌ను అనవసరంగా ధారాళంగా ఇచ్చి, ఎముక చుట్టూ రక్తం చేరేలా చేయకుండా ఆగడం కూడా చికిత్సలో భాగమేనని నా సమాధానం.

ఒక్క ఉపపరీక్షను గురించి చెప్పాలి. దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి రెండు కర్ణికల మధ్య గోడలో పుట్టిన తర్వాత మూసుకోవలసిన చిన్న రంధ్రం మూసుకోకుండా మిగిలిపోతుంది. కుడి వైపు పీడనం పెరిగితే కొవ్వు ఆ దారిలో నేరుగా మెదడుకు వెళ్లగలదు. ఊపిరి ఇబ్బంది తక్కువగా ఉండి మతి తప్పడం ఎక్కువగా ఉన్న రోగిలో దీన్ని అనుమానించి, సెలైన్‌లో కొద్ది గాలిని రెండు సిరంజీల మధ్య బాగా చిలికి సిరలోకి ఎక్కించి, బుడగలు మూడు గుండె స్పందనల లోపు ఎడమ వైపు చేరుతున్నాయేమో చూస్తారు. మా పరికరంలో కుడి వైపు నిండడం చక్కగా కనిపిస్తుంది గానీ, ఎడమ వైపుకు దాటే నాలుగైదు బుడగలను నమ్మకంగా లెక్కపెట్టేంత స్పష్టత దానికి లేదు. ఈ పరీక్షకు పెద్ద యంత్రాన్నే పిలిపించాలి. రోగిని రాడ్ వేయడానికి తీసుకెళ్లాలా, ముందు బయటి నుంచి ఫిక్సేటర్‌తో బిగించి ఆగాలా అన్న నిర్ణయం దీనిపై ఆధారపడవచ్చు కాబట్టి అరకొర బొమ్మతో సరిపెట్టుకోవడం తగదు.

రక్తం పోవడాన్నీ, గుండె చుట్టూ రక్తం నిండడాన్నీ, ఛాతీలో గాలి చేరడాన్నీ గుర్తించడంలో నాకు ఈ పరికరం మీద ఫిర్యాదు లేదు. కటి ఎముకలు విరిగినవారిలో లీటర్ల కొద్దీ రక్తం పొట్ట వెనక భాగంలో దాక్కోగలదు. అలాంటప్పుడు ఎడమ జఠరిక గోడలు ప్రతి స్పందనలో ఒకదానికొకటి తగులుతూ, అధో మహాసిర సన్నగా అణిగిపోయి కనిపిస్తాయి. రొమ్ము ఎముక విరిగినవారిలో గుండె చుట్టూ నల్లని పట్టీలాగా ద్రవం, దాని ఒత్తిడికి కుడి కర్ణికా జఠరికలూ లోపలికి ముడుచుకోవడం మా తెర మీద స్పష్టంగానే కనిపిస్తాయి. లీనియర్ తలతో ఊపిరితిత్తి పొర జారడం కనిపిస్తే ఆ చోట గాలి చేరలేదని చెప్పవచ్చు. ఛాతీ చర్మం కింద గాలి చేరి ఉబ్బినవారిలో మాత్రం ఏ యంత్రానికైనా బొమ్మ రాదు.

తుంటి ఎముక విరిగిన వృద్ధుల సంగతి వేరు. అమ్మమ్మ వయసు వారు బాత్రూములో జారిపడి వస్తారు, వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ చేయాలి, స్టెతస్కోప్ పెడితే గుండెలో ఊదినట్టు శబ్దం వినిపిస్తుంది. అది బృహద్ధమని కవాటం ద్వారం సన్నబడడం వల్లనా కాదా అన్నది మత్తు ఇచ్చేవారికి పెద్ద ప్రశ్న. ఎందుకంటే వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే అలాంటి గుండె తట్టుకోలేదు. కవాటం రెక్కలు సున్నం పట్టి మొద్దుబారి కదలకుండా ఉన్నాయా, చలాకీగా తెరుచుకుంటున్నాయా అన్నది మా పరికరం చెబుతుంది. సన్నబడడం ఎంత తీవ్రమో తేల్చే పీడన వ్యత్యాసాన్ని కొలవడానికి కంటిన్యువస్ వేవ్ డాప్లర్ కావాలి, అది మా దాంట్లో లేదు. ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని కొలిచి పుపుస ధమని పీడనాన్ని అంచనా వేయడానికీ అదే కావాలి. ఆయాసపడే పాత ఆస్తమా, పొగ అలవాటున్న రోగిలో కుడి జఠరిక ఉబ్బు కొత్తదా పాతదా అని తేల్చడానికి ఆ కొలత ఉంటే ఎంతో మేలు. లేనప్పుడు కుడి జఠరిక గోడ మందాన్ని చూసి, 5 మిల్లీమీటర్లకు మించితే పాతదని ఊహించడమే మిగిలింది. ఈ తరగతిలో కంటిన్యువస్ వేవ్ ఉన్న నమూనాలు తక్కువే అయినా ఉన్నాయి; వృద్ధుల తుంటి ఆపరేషన్లు ఎక్కువగా చేసే ఆసుపత్రి అయితే ఆ ఒక్క సౌకర్యం కోసం అదనంగా ఖర్చు పెట్టడం సబబేనని అంటాను.

తుంటికి కృత్రిమ భాగం అమర్చేటప్పుడు సిమెంట్ నింపిన కొద్ది నిమిషాల్లో కొందరికి ఆక్సిజన్ శాతమూ రక్తపోటూ కూలిపోతాయి. ఆ సమయంలో సబ్‌కాస్టల్ వ్యూలో కుడి జఠరికను చూడగలగడం వల్ల సెలైన్ ఇవ్వాలా, గుండెకు బలమిచ్చే మందులు ఇవ్వాలా అన్నది వెంటనే తేలుతుంది. శుభ్రమైన గుడ్డల కింద చేతిని దూర్చి చూడడానికి తీగ లేని ప్రోబ్ ఎంతో అనువు. అలాగే ఎముక విరిగిన దిగులూ నొప్పీ కారణంగా వృద్ధ స్త్రీలలో ఎడమ జఠరిక కొన భాగం కదలకుండా ఉబ్బిపోయే టకోట్సుబో అనే స్థితి వస్తుంది; ఈసీజీ చూసి గుండెపోటు అనుకునే ఆ సందర్భంలో గుండె కొన ఆకారమే మొదటి ఆధారం. చివరి మాట మాత్రం కార్డియాలజిస్టుదే.

పరికరం లోపాల్లో బ్యాటరీ మొదటిది. వరసగా చూస్తే గంట లోపే అయిపోతుంది. ఎక్కువ సేపు కలర్ డాప్లర్ వాడితే ప్రోబ్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ఒక్క రోగికి అయిదు పది నిమిషాల పరీక్షకు ఇది చాలు, అయితే చార్జింగ్‌లో పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించకపోతే అవసరమైన రాత్రే అది చచ్చి ఉంటుంది. పగటి వెలుతురులో, కిటికీ పక్కన మంచం దగ్గర తెర సరిగా కనిపించదు. వైఫై రద్దీ ఎక్కువగా ఉన్న ఐసీయూలో బొమ్మ అప్పుడప్పుడు తడబడుతుంది. తీగ ఉన్న నమూనాలకు ఈ బాధ లేదు. ప్రోబ్ తలలను తుడవడానికి కంపెనీ అనుమతించిన ద్రవాల జాబితా చిన్నది, వార్డులో చేతికందిన స్పిరిట్‌తో తుడిస్తే తల పైపొర పాడవుతుంది. ఒక రోగి నుంచి మరో రోగికి మొండి క్రిములు అంటించే వస్తువుగా ఇది మారకుండా ఉండాలంటే సరైన వైప్స్ ఎప్పుడూ మంచం దగ్గర ఉండాలి. బొమ్మలు దాచే క్లౌడ్‌కూ కొన్ని కొలతలకూ ఏటా చందా కట్టమనే కంపెనీలున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి కొనుగోలుకు దొరికే నిధులు ఏటా చందాకు దొరకవు, కాబట్టి చందా ఆగిపోతే ఏ సౌకర్యాలు మిగులుతాయో కొనే ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఎడమ జఠరిక పనితీరును యంత్రమే లెక్కగట్టి శాతంగా చూపించే కృత్రిమ మేధ సౌకర్యం ఇప్పుడు చాలావాటిలో వస్తోంది. మంచి బొమ్మ వచ్చినవారిలో అది ఉపయోగకరమే. కానీ మా రోగుల్లో పెద్ద ప్రశ్న కుడి జఠరిక గురించి. అది చంద్రవంక ఆకారంలో ఎడమదాని చుట్టూ అతుక్కుని ఉంటుంది, దాన్ని యంత్రం తేలిగ్గా లెక్కగట్టలేదు. ఎడమ శాతం 65 అని పచ్చని అంకెలో కనిపిస్తే వార్డులోని చిన్న డాక్టర్లు గుండె బాగుందని నిశ్చింతపడతారు. నిజానికి రక్తం బాగా పోయినప్పుడూ, కుడి వైపు నుంచి ఎడమకు రక్తం చేరనప్పుడూ కూడా ఆ అంకె చక్కగానే ఉంటుంది.

చట్టం సంగతి కొనే ముందే తెలుసుకోవాలి. గుండె కోసమే కొన్నా, గర్భస్థ శిశువును చూడగల సామర్థ్యం ఉన్న ఏ అల్ట్రాసౌండ్ పరికరమైనా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందికి వస్తుంది. 2012లో చేర్చిన నియమం ప్రకారం, తీసుకెళ్లగల యంత్రాన్ని రిజిస్టరైన ఆవరణ లోపల, అక్కడ చేరిన రోగులకు మాత్రమే వాడాలి. సంచార వైద్య వాహనాలకు వేరే వెసులుబాటు ఉంది. ప్రోబ్‌ను జేబులో వేసుకుని సాయంత్రం మరో నర్సింగ్ హోముకు తీసుకెళ్లడం నేరం. జేబులో పట్టే పరికరంతో ఇది చాలా తేలిగ్గా జరిగే తప్పు కాబట్టి, మా దగ్గర ప్రోబ్‌ను తాళం వేసిన అరలో ఉంచి, తీసుకున్న ప్రతిసారీ రిజిస్టరులో సంతకం చేయిస్తున్నాం. ఆడపిల్లలను కాపాడడానికి వచ్చిన చట్టం అది. దాని పత్రాల పనిని విసుగుగా చూడడం నాకు నచ్చదు.

ధర పెద్ద ఎకో యంత్రంతో పోలిస్తే చిన్న వంతే. అసలు ఖర్చు నేర్పించడానికి పెట్టే సమయం. అమెరికాలోని అత్యవసర వైద్యుల సంఘం మంచం పక్క అల్ట్రాసౌండ్‌లో ఒక్కో రకం పరీక్షకు 25 నుంచి 50 దాకా, అనుభవజ్ఞులు సరిచూసిన స్కాన్లు చేసి ఉండాలని సూచిస్తుంది. మా దగ్గర పీజీ విద్యార్థులు తీసిన ప్రతి క్లిప్పునూ దాచి, వారానికోసారి కార్డియాలజిస్టుగారి దగ్గర కూర్చుని చూస్తాం; ఆయన విసుక్కోకుండా చెప్పే రెండు మాటలు పరికరంతో వచ్చిన శిక్షణ వీడియోలన్నింటికన్నా విలువైనవి. అలా కూర్చోబెట్టి సరిదిద్దే పెద్దవారు లేని ఆసుపత్రి, ముందు ఆ ఏర్పాటు చేసుకుని ఆ తర్వాతే పరికరం కొనడం మేలు.

డెమోకు వచ్చిన కంపెనీ ప్రతినిధి తన వెంట వచ్చిన సన్నటి కుర్రాడి ఛాతీ మీద అందమైన బొమ్మలు చూపిస్తాడు. దాన్ని చూసి సంతకం పెట్టవద్దు. రోగి అనుమతితో, వైద్యుల సమక్షంలో, ట్రాక్షన్‌లో వెల్లకిలా పడుకుని ఉన్న, కొంచెం ఒళ్లున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లి, మధ్యాహ్నపు వెలుతురులో, గ్లౌజులు వేసుకుని, సబ్‌కాస్టల్ వ్యూలో కుడి జఠరిక పక్కగోడనూ అధో మహాసిరనూ చూపించమనండి. తర్వాత అదే ప్రోబ్‌తో గజ్జల్లోని సిరను నొక్కి చూపించమనండి. ఈ రెండూ చూపించలేకపోతే, మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా ఆర్థో వార్డుకు ఆ నమూనా అక్కరకు రాదు.